చెవికి కండెన్సర్ మార్చలేం

ఆఫీసులో ఎవరు కొత్త ఫోన్ కొన్నా నా సీటు దగ్గరికి వచ్చి అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇందులో పాటలు బాగా వినబడాలంటే ఏ హెడ్‌ఫోన్స్ కొనాలి?" రెండువేలలో ఏది, పదివేలలో ఏది అని మొదలుపెడతారు. నేనేమో ఎదురు ప్రశ్న వేస్తాను: "ఎక్కడ కూర్చుని వింటావు? వాల్యూమ్ ఎంత పెడతావు?" చాలామందికి ఇది నచ్చదు. మోడల్ పేరు చెప్పమంటే డాక్టర్‌లా ఈ యక్షప్రశ్నలేంటి అన్నట్టు చూస్తారు. నిజానికి ఆ ప్రశ్న నాది కాదు, మా బాపుది. గోదావరిఖనిలో పాతికేళ్ళ పైచిలుకు రేడియోలు, టేప్ రికార్డర్లు, వాక్‌మన్‌లు బాగుచేసిన మనిషి ఆయన. ఆయన షాపులో సోల్డరింగ్ వాసన పీలుస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఈ పిచ్చి అబ్బింది. ఆ పిచ్చితోనే హెడ్‌ఫోన్ల చరిత్ర కొంచెం తిరగేశాను. నాకు అర్థమైంది ఒక్కటే. మంచి సౌండ్ కోసం వందేళ్ళుగా జరిగిన గొప్ప పనుల్లో ఎక్కువ భాగం సౌండ్ పెంచడం గురించి కాదు, మోత తగ్గించడం గురించి. ఈ సంగతి నాకు ముందే తెలిసుంటే నా ఎడమ చెవి ఇంకోలా ఉండేది. ఆ కథ తర్వాత చెప్తాను.

ముందు మా ఊరి గురించి. గోదావరిఖని, పేరులోనే ఖని ఉంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు తీసుకుంది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. ఇప్పుడందులో తెలంగాణ ప్రభుత్వానిది 51 శాతం, కేంద్రానిది 49 శాతం. మా వైపు బొగ్గు తవ్వకం 1960 ప్రాంతంలో మొదలైంది. మా దగ్గర గని అనేది పుస్తకాల్లో మాట. మనుషులు అనేది "బాయి". "మీ బాపు యాడున్నడు?" అంటే "బాయికి పోయిండు" అని జవాబు. మూడు షిఫ్టులు. ఊళ్ళో ఏ వేళకి చూసినా మూడోవంతు మంది పనిలో ఉంటారు, మూడోవంతు మంది నిద్రలో ఉంటారు.

ఇదిగో, హెడ్‌ఫోన్ల సంగతి ఇక్కడే మొదలవుతుంది. కంపెనీ క్వార్టర్ అంటే రెండు గదులు. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మనిషి పొద్దున తిని పడుకుంటే, ఆ ఇంట్లో మధ్యాహ్నం దాకా రేడియో పెట్టడానికి లేదు. పిల్లలు గుసగుసలాడుకోవాలి. కుక్కర్ విజిల్ వేసినా తప్పే. అలాంటి ఇంట్లో కాలేజీకి పోయే కొడుక్కి పాటలు వినాలనిపిస్తే ఇయర్‌ఫోన్ ఒక్కటే దారి. మా షాపుకొచ్చే ఇయర్‌ఫోన్ బేరాల్లో సగం ఇలాంటివేనని బాపు చెప్పేవాడు. ఫ్యాషన్ కోసం కాదు, ఇంకో మనిషి నిద్ర కోసం.

అసలు హెడ్‌ఫోన్ పుట్టిందే ఇలాంటి అవసరంతో. 1910లో అమెరికాలో ఊటా రాష్ట్రానికి చెందిన నథానియల్ బాల్డ్విన్ తన ఇంట్లో చేసిన హెడ్‌ఫోన్లను అమెరికా నేవీకి పంపాడు. వైర్‌లెస్ ఆపరేటర్లకి బలహీనమైన సిగ్నల్ వినబడటమే అక్కడ సమస్య. బాల్డ్విన్ హెడ్‌ఫోన్లు చిన్న కరెంటుకే పలికేవి. ఆర్డర్ ఇస్తామంటే, వంటింట్లో చేస్తున్నాను కాబట్టి ఒకసారికి పదే ఇవ్వగలనన్నాడట! తర్వాత 1958లో మిల్వాకీలో జాన్ కాస్ ఒక చిన్న స్టీరియో రికార్డ్ ప్లేయర్ అమ్ముదామని ప్రదర్శనకి తీసుకెళ్ళాడు. పక్కవాళ్ళకి ఇబ్బంది లేకుండా వినడానికి తోడుగా హెడ్‌ఫోన్లు పెట్టాడు. జనం ప్లేయర్‌ని వదిలేసి హెడ్‌ఫోన్ల మీద పడ్డారు. స్టీరియో హెడ్‌ఫోన్ల వ్యాపారం అలా మొదలైంది.

1979 జులై 1న సోనీ వాక్‌మన్ జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. మోడల్ పేరు టీపీఎస్-ఎల్2, ధర 33,000 యెన్‌లు. దానితో వచ్చిన హెడ్‌ఫోన్ల బరువు సుమారు 50 గ్రాములు. అప్పటిదాకా హెడ్‌ఫోన్స్ అంటే హెల్మెట్ పెట్టుకున్నట్టే ఉండేది. నాకు నచ్చిన విషయం ఇంకోటి. ఆ వాక్‌మన్ మీద నారింజ రంగు బటన్ ఒకటుండేది. అది నొక్కితే పాట తగ్గి, లోపలి మైకు ద్వారా పక్కనున్నవాళ్ళ మాట వినబడేది. అంటే మొట్టమొదటి వాక్‌మన్‌లోనే, ఒక్క క్షణం పాట తగ్గించుకుని మనిషి మాట వినే ఏర్పాటు చేశారన్నమాట. ఇవాళ వేలకి వేలు పోసి కొనే ఇయర్‌బడ్స్‌లో "ట్రాన్స్‌పరెన్సీ మోడ్" అని గొప్పగా అమ్మేది దానికి మనవడే.

మా వైపు వాక్‌మన్‌లు ఎక్కువగా బొంబాయి నుంచో హైదరాబాద్ నుంచో కాదు, దుబాయ్ నుంచి, మస్కట్ నుంచి వచ్చాయి. కరీంనగర్ జిల్లా నుంచి గల్ఫ్‌కి పోయినవాళ్ళు సెలవు మీద వస్తూ టూ-ఇన్-వన్‌లు, వాక్‌మన్‌లు తెచ్చేవారు. అదే కాలంలో, 1980లలో, క్యాసెట్లు చవకయ్యాయి. సినిమా పాటలు, ఒగ్గు కథలు, గద్దర్ పాటలు అన్నీ క్యాసెట్లలో చేతులు మారేవి. దసరాకి బోనస్ పడిందంటే ఊళ్ళో లక్ష్మీనగర్ షాపుల్లో కాలు పెట్టే సందుండేది కాదు. ఆ తర్వాత నెలంతా మా షాపులో రిపేర్లు. :)

ఆ రిపేర్లలోనే నేను ఆడియో ఇంజనీరింగ్ మొదటి పాఠాలు నేర్చుకున్నాను, పేర్లు తెలియకుండానే. ఒకటి చెప్తాను. ఒకసారి ఒకాయన వాక్‌మన్ తెచ్చి, "ఇందుల పాడెటోళ్ళ గొంతు పోయిందే, తబలా, వయొలినే ఇనవడ్తున్నయ్" అన్నాడు. బాపు క్యాసెట్‌ని ముట్టుకోనేలేదు. ఇయర్‌ఫోన్ పిన్ను దగ్గర వైరు కోసి, మళ్ళీ అతికి ఇచ్చాడు. బాలు గొంతు తిరిగొచ్చేసింది! నాకది మంత్రంలా అనిపించింది. కారణం తర్వాత తెలిసింది. పిన్నులో మూడు దార్లుంటాయి: ఎడమ, కుడి, రెండిటికీ కలిపి ఒక గ్రౌండ్. గ్రౌండ్ వైరు తెగితే కరెంటు ఒక చెవి స్పీకర్ నుంచి రెండో చెవి స్పీకర్‌లోకి పోతుంది. అప్పుడు మనకి ఎడమకీ కుడికీ మధ్య ఉన్న తేడా మాత్రమే వినబడుతుంది. గాయకుడి గొంతు రెండువైపులా సమానంగా రికార్డు చేస్తారు కాబట్టి తేడా సున్నా, గొంతు మాయం. మీ ఇయర్‌ఫోన్స్‌లో ఎప్పుడైనా ఇలా జరిగితే ఫోన్‌ని తిట్టకండి, పిన్ను దగ్గర వైరు చూడండి.

రెండోది కండెన్సర్ కథ. (కెపాసిటర్ అని కాలేజీలో అంటారు. షాపులో మాత్రం కండెన్సరే.) చవక ప్లేయర్లు తెచ్చి "బేస్ లేదు" అనేవాళ్ళు చాలామంది. బాపు హెడ్‌ఫోన్ సాకెట్ ముందున్న రెండు చిన్న కండెన్సర్లు, 100 మైక్రోఫారడ్‌వి, తీసేసి 470వి వేసేవాడు. డోలు దెబ్బ గుండెల్లో తగిలేది. ఎందుకని అడిగితే "పెద్దదైతే ఎక్కువ పోనిస్తది" అనేవాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో బోర్డు మీద ఫార్ములా వేసినప్పుడు నేను వెనక బెంచీలో లెక్క కట్టాను. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కి 100 మైక్రోఫారడ్ కండెన్సర్ పెడితే దాదాపు 100 హెర్ట్జ్ నుంచి కిందికి సౌండ్ పడిపోతుంది. డోలు బరువంతా ఉండేది అక్కడే. 470 పెడితే ఆ హద్దు 21 హెర్ట్జ్‌కి దిగుతుంది, అంటే మనిషి చెవి వినగలిగే అడుగు దాకా. పదో తరగతి దాటని మా బాపు చెవితో పట్టిన లెక్క అది. ఆ రోజు హాస్టల్ నుంచి ఫోన్ చేసి చెప్తే, "గదేనారా మీకు చెప్పింది గిన్ని రోజులు?" అని నవ్వాడు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి అసలు ఆ కండెన్సర్లే ఉండవు, చిప్పు నేరుగా ఇయర్‌ఫోన్‌ని నడుపుతుంది.

మూడోది టేపు "సుయ్" మనే మోత. దీనికి మందు కనిపెట్టిన రే డాల్బీకి మన దేశంతో సంబంధం ఉందని చాలామందికి తెలియదు. 1963 నుంచి 1965 దాకా ఆయన చండీగఢ్‌లో, సెంట్రల్ సైంటిఫిక్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఆర్గనైజేషన్‌లో యునెస్కో సలహాదారుగా పనిచేశాడు. మోత తగ్గించే ఆలోచన ఆ రోజుల్లోనే తట్టింది. 1965లో లండన్‌లో కంపెనీ పెట్టాడు, 1968లో క్యాసెట్లకి పనికొచ్చే డాల్బీ-బి వచ్చింది. రికార్డు చేసేటప్పుడు చిన్నగా ఉన్న సన్న ధ్వనుల్ని పెంచడం, వినేటప్పుడు అంతే తగ్గించడం. దాంతోపాటు టేపు మోతా తగ్గిపోతుంది. చూశారా, ఇక్కడ కూడా గొప్పతనం తగ్గించడంలోనే ఉంది.

తర్వాత క్యాసెట్ల కాలం పోయింది. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థ వాళ్ళు 1995 జులైలో తమ ఫైళ్ళకి ఎంపీత్రీ అని పేరు ఖాయం చేశారు. 1998లో కొరియా వాళ్ళ ఎంపీమ్యాన్, 2001లో ఐపాడ్ వచ్చాయి. సీడీలో సెకనుకి 1411 కిలోబిట్లు పట్టే పాట 128కి కుదించారు. పెద్ద ధ్వని పక్కనున్న చిన్న ధ్వని మన చెవికి ఎలాగూ వినబడదు కాబట్టి దాన్ని పారేయడమే కిటుకు. మా షాపులో టేప్ రికార్డర్లు తగ్గి, మెమరీ కార్డులో పాటలు ఎక్కించే పని పెరిగింది. ఒక కార్డులో ఎన్ని ఎక్కువ పాటలు పడితే అంత గొప్ప. అందుకని కుదించినదాన్ని మళ్ళీ కుదించేవాళ్ళు. తాళాల చప్పుడు నీళ్ళలో పడ్డ చిల్లరలా వినబడేది. పారేసింది తిరిగి రాదు, ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్ పెట్టినా. ఇది ఇవాళ్టికీ నిజమే. మీ పాటల యాప్‌లో క్వాలిటీ సెట్టింగ్ "డేటా సేవర్"లో ఉంటే ముందు అది మార్చుకోండి. పైసా ఖర్చు లేని బాగు అదే.

ఇక నా చెవి కథ. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ, ఉద్యోగంలో మొదటి రెండేళ్ళూ రామగుండం–సికింద్రాబాద్ మధ్య భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో తెగ తిరిగాను. కిటికీ పక్క సీటు, చెవిలో రోడ్డు మీద కొన్న ఇయర్‌ఫోన్స్. అవి చెవిని మూయవు. బోగీ మోత లోపలికి వస్తూనే ఉంటుంది. పాట వినబడాలంటే మోత కన్నా పైన పెట్టాలి. నేను చివరి గీత దాకా పెట్టేవాణ్ణి. నాలుగైదు గంటలు. దిగాక కాసేపు చెవిలో గుయ్‌మనేది, పొద్దుటికి పోయేది. ఒక రోజు పోలేదు. ఇప్పటికీ రాత్రి గది నిశ్శబ్దంగా ఉంటే ఎడమ చెవిలో సన్నగా ఈల వినబడుతుంది. ఇందులో రైలు తప్పు లేదు, ఇయర్‌ఫోన్స్ తప్పు లేదు, నా వేలి తప్పు. పరీక్ష చేసిన డాక్టరు చూపించిన గ్రాఫులో 4000 హెర్ట్జ్ దగ్గర చిన్న గుంట ఉంది.

ఆ గుంట చూడగానే నాకు షాపులో ఒక పాత సంగతి గుర్తొచ్చింది. బాయిలో చాలా ఏళ్ళు డ్రిల్లు పట్టిన పెద్దవాళ్ళు సెట్టు కొనేటప్పుడు, బాగుచేయించుకునేటప్పుడు ఒకే మాట అనేవారు: "ట్రెబుల్ పెంచు బిడ్డా, మాట తెలుస్తలేదు." బాపు వాళ్ళ సెట్లలో ట్రెబుల్ మొత్తం తిప్పి ఇచ్చేవాడు. మాకు వింటే చెవులు గీసుకుపోయేవి, వాళ్ళకి సరిపోయేది. కారణం ఇదే గుంట. మన చెవి గొట్టం ఆకారం వల్ల 3000 హెర్ట్జ్ ప్రాంతంలో ధ్వని సహజంగానే పెరుగుతుంది. అందుకే పెద్ద మోతల దెబ్బ ముందు 4000 దగ్గర తగులుతుంది. స, చ, త లాంటి అక్షరాల పదును ఉండేది ఆ పైనే. మాట వినబడుతుంది, అర్థం కాదు. ప్రపంచంలో ఏ గనికైనా, ఏ ఫ్యాక్టరీకైనా ఇది వర్తిస్తుంది. మన గనుల భద్రత డైరెక్టరేట్ 1975 సర్క్యులర్‌లోనే 85 డెసిబెల్స్‌ని హెచ్చరిక హద్దుగా, 90ని ప్రమాద హద్దుగా పెట్టింది. లెక్క ఇలా ఉంటుంది: 85 దగ్గర రోజుకి 8 గంటలు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. నేను రైల్లో పెట్టిన వాల్యూమ్‌కి నా కోటా కాజీపేట రాకముందే అయిపోయి ఉంటుంది. వినోదం కోసం వినేవాళ్ళకైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇంకా కిందకి దించింది: 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు. బాయిలో పనిచేసేవాళ్ళకి మోత ఉద్యోగం. నేను డబ్బు పెట్టి కొనుక్కున్నాను.

కాబట్టి మంచి సౌండ్‌కి మొదటి మెట్టు బయటి మోతని ఆపడం. 1991లో మీడ్ కిలియన్ అనే వినికిడి శాస్త్రవేత్త కంపెనీ, ఎటిమోటిక్, చెవి గొట్టంలో బిగుతుగా కూర్చునే ఈఆర్-4 తెచ్చింది. బయటి మోత 20 డెసిబెల్స్‌కి పైగా తగ్గుతుంది, అంటే వాల్యూమ్ కూడా అంత తగ్గించుకోవచ్చు. ఇంకో దారి అమర్ బోస్‌ది. బెంగాల్ నుంచి వెళ్ళిన తండ్రికి పుట్టిన ఈ ఎంఐటీ ప్రొఫెసర్, 1978లో విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్స్‌లో ఇంజను మోత తప్ప ఏమీ వినబడక, అక్కడే కూర్చుని లెక్కలు వేశాడు. మోతకి సరిగ్గా తిరగేసిన మోతని పుట్టిస్తే రెండూ కొట్టుకుపోతాయి. పైలట్ల కోసం అది వస్తువుగా మారేసరికి 1989 అయింది. ఇప్పుడు మూడువేల రూపాయల ఇయర్‌బడ్స్‌లో కూడా ఆ లెక్కే నడుస్తోంది. అయితే రబ్బరు టిప్పు సరిగ్గా కూర్చోకపోతే బేసూ పోతుంది, మోతా వస్తుంది. డబ్బాలో మూడు సైజులు ఎందుకిస్తారో మనవాళ్ళు పట్టించుకోరు. ముందు అవి మార్చి చూడండి.

రెండో మెట్టు ఫోనుకీ హెడ్‌ఫోన్‌కీ జత కుదరడం. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో ఒక ఇంజనీరు ఆబ్జెక్టివ్2 అనే హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ డిజైన్‌ని ఎవరైనా చేసుకోవచ్చని ఊరికే ఇచ్చేశాడు. 2012లో మౌనం వహించాడు. ఎవరో ఏమిటో బయటపెట్టలేదు. ఆయన పదే పదే చెప్పిన సూత్రం: సాకెట్ వైపు నిరోధం హెడ్‌ఫోన్ నిరోధంలో ఎనిమిదో వంతు మించకూడదు. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్స్‌కి 2 ఓమ్‌ల లోపు. 2016లో ఐఫోన్ 7 నుంచి సాకెట్ తీసేయడం మొదలయ్యాక మనకి దిక్కైన చిన్న డాంగిళ్ళలో మంచివి ఈ పరీక్ష సులువుగా పాసవుతాయి. అదే బ్లూటూత్ అయితే యాంప్లిఫయర్ ఇయర్‌బడ్ లోపలే ఉంటుంది, ఫోన్ ఏదైనా ఒకటే.

ఇక ధర. 2017లో బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తే, ధరకీ ధ్వని సమతూకానికీ సంబంధం కనబడలేదు. ఆ సమతూకాన్ని ఈక్వలైజర్‌తో సరిచేసుకోవచ్చు. ఆటోఈక్యూ అనే ఉచిత పైథాన్ ప్రాజెక్టులో వేల హెడ్‌ఫోన్లకి అంకెలు సిద్ధంగా ఉన్నాయి. ఒక్క జాగ్రత్త: ఒక చోట 6 డెసిబెల్స్ పెంచితే మొత్తం మీద 6 తగ్గించాలి, లేకపోతే సౌండ్ పగులుతుంది. పెంచడానికి ముందు తగ్గించాలన్నమాట. మళ్ళీ అదే!

పోయిన దసరాకి ఊరికి వెళ్ళినప్పుడు మా వెనక లైన్లో ఉండే కాక వచ్చాడు. రిటైరై చాలా ఏళ్ళయింది. కొడుకు కొనిచ్చిన స్మార్ట్‌ఫోన్, దానికో ఇయర్‌ఫోన్. "ఘంటసాల పాటలు పెట్టిండు బిడ్డా, గునుస్తున్నట్టున్నది గని మాట తెలుస్తలేదు" అన్నాడు. వాల్యూమ్ చివరి గీతలో ఉంది. ఆయన కరీంనగర్‌లో చెవి పరీక్ష చేయించుకున్న కాగితం తెప్పించాను. నా గ్రాఫులో చిన్న గుంట ఉన్నచోట ఆయనకి లోయ ఉంది. ఐఫోన్లలో అయితే 2020 నుంచి ఆ కాగితంలోని అంకెలే ఎక్కించుకోవచ్చు. కాక ఫోన్‌లో ఈక్వలైజర్‌తోనే మొత్తం తగ్గించి, 3000 నుంచి 6000 దాకా కొద్దికొద్దిగా ఎత్తాను. ఓపెన్ ఇయర్‌ఫోన్ తీసేసి టిప్పున్నది పెట్టాను. వాల్యూమ్ సగానికి దించాను. ఇది వినికిడి మిషన్‌కి బదులు కాదని, డాక్టరు చెప్పినట్టు మిషన్ పెట్టించుకోవాలని కూడా చెప్పాను.

కాక కళ్ళు మూసుకుని పాట మొత్తం విన్నాడు. అయిపోయాక ఇయర్‌ఫోన్ తీసి, "సౌండ్ తగ్గించినవ్ కదా, మరి మాట ఎట్ల తెలుస్తున్నదిరా?" అని అడిగాడు. నేను గ్రాఫు గురించి మొదలుపెట్టబోయాను. అరుగు మీద కూర్చున్న బాపు అందుకున్నాడు: "కండెన్సర్ మార్చిండే."

కాక వెళ్ళిపోయాక బాపు నా వైపు తిరిగి, "నీ చెవుల ఈల తగ్గిందా?" అని అడిగాడు. లేదన్నాను. "సెట్టు పోతే నేను కొత్త ఐసీ ఏస్త. గది పోతే ఏమేస్త బిడ్డా" అన్నాడు.

అందుకే ఆఫీసులో ఎవరొచ్చినా ముందు అడిగేది మోడల్ కాదు, వాల్యూమ్. మీరూ ఇప్పుడు పాటలు వింటూ చదువుతుంటే ఒకసారి ఎన్నో గీత మీద ఉందో చూసుకోండి.